ఎండల్లో పూసే వసంతం

ఫిబ్రవరి ఆఖరుకల్లా వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టల్లో నేల ఎండి నెర్రెలిస్తుంది. చివరి మంచి వాన పడి నాలుగు నెలలు దాటి ఉంటుంది. టేకు చెట్లు బోసిపోయి ఉంటాయి, కాలు పెట్టిన చోటల్లా ఎండుటాకుల గలగల. సరిగ్గా ఆ రోజుల్లోనే మోదుగు ఒక్క ఆకైనా లేకుండా కొమ్మ చివరిదాకా ఎర్రగా పూస్తుంది. నేచర్ వాక్‌కని వచ్చిన పెద్దలు ఫోన్లు తీసి ఫోటోలు పడుతుంటారు. గైడ్ శాస్త్రీయ నామం చెప్పి, దాన్నే ఇంగ్లీషులో ఫ్లేమ్ ఆఫ్ ద ఫారెస్ట్ అంటారని కూడా చెబుతాడు. ఈలోగా ఏ ఐదో తరగతి పిల్లో అడుగుతుంది: "వానల్లేవు కదా అంకుల్, దీనికి నీళ్ళెక్కడివి?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగితే మిగతా నడకంతా దానంతటదే సాగిపోతుంది. మన పాఠాల్లో, పిల్లల బొమ్మల పుస్తకాల్లో కనిపించే వసంతం చాలావరకు చలి దేశాలది. అక్కడ మంచు కరిగి నేలలోకి నీరు దిగుతుంది, వెచ్చదనం వస్తుంది, చెట్టు చిగురిస్తుంది. దక్కనులో లెక్క తిరగబడుతుంది. మనకు చైత్రం వచ్చేది గాలిలో తేమ తగ్గి, చెరువులు అడుగంటే వేళకి. అయినా చిగుళ్ళూ పూలూ అప్పుడే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా పొద్దున్నే చేసే నడకల్లో చూడాల్సిన అసలు విషయం ఈ తిరకాసే. చెట్ల పేర్లు తర్వాతైనా నేర్చుకోవచ్చు.

చెట్టుకు అన్నం వండిపెట్టేది ఆకే, నీళ్ళు ఖర్చు చేసేదీ ఆకే. ఆకు అడుగున ఉండే కంటికి ఆనని రంధ్రాల్లోంచి గాలి లోపలికి పోవాలంటే ఆవిరి బయటికి పోక తప్పదు. వేర్లకు తడి అందినన్నాళ్ళు ఈ బేరం గిట్టుబాటే. జనవరి వచ్చాక గిట్టదు. అందుకని మోదుగు, బూరుగు, కొండగోగు ఆకుల్ని రాల్చేస్తాయి. కుళాయి కట్టేసినట్టే. వేర్లు మాత్రం పని ఆపవు. లోతుగా దిగినవి, రాతి పగుళ్ళలో మిగిలిన కాస్త తడిని పట్టుకుని పైకి తోస్తూనే ఉంటాయి. పోయేది లేదు, వచ్చేది కొంచెం కొంచెంగా వస్తోంది కాబట్టి కాండంలోని కణజాలం మళ్ళీ నీరు పట్టుకుంటుంది. రోల్ఫ్ బోర్చర్ట్ అనే వృక్షశాస్త్రవేత్త కోస్టారికా పొడి అడవుల్లో ఏళ్ళ తరబడి చెట్ల కాండాల్లో నీటి మట్టాన్ని కొలిచి 1994లో ఈ సంగతి బయటపెట్టాడు. బోసికొమ్మ మీద పూసిన పువ్వు ఆకాశం నుంచి వచ్చిన నీళ్ళతో పూసింది కాదు, చెట్టు తన ఒంట్లో కూడబెట్టుకున్న నీళ్ళతో పూసింది.

నీళ్ళున్నాయి సరే, పూయాల్సిన రోజు వచ్చిందని చెట్టుకు చెప్పేదెవరు? వాన చెప్పదు, ఎందుకంటే లేదు. వేడి చెబుతుందనుకోవచ్చుగానీ అది రోజుకో తీరుగా ఉంటుంది. ఏటా ఒక్క రోజు కూడా తప్పకుండా అదే వేళకు జరిగేది ఒకటే: పగలు పొడవెక్కడం. హైదరాబాదులో ఏడాదిలో అతి చిన్న పగలు పదకొండు గంటలకు కాస్త ఎక్కువ, అతి పెద్ద పగలు పదమూడు గంటలకు కాస్త ఎక్కువ. మొత్తం తేడా రెండు గంటలే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పగలు రోజుకు దాదాపు ఒక్క నిమిషం చొప్పున పెరుగుతుంది. మనం గడియారం చూసుకుంటే తప్ప పట్టుకోలేని ఈ తేడాను చెట్లు పట్టుకుంటాయి. బోర్చర్ట్ మరో ఇద్దరితో కలిసి ఆసియా రుతుపవన అడవుల మీద 2006లో ప్రచురించిన పరిశోధన చెప్పింది ఇదే. చాలా జాతులు వానకు ఒకటి రెండు నెలల ముందే, ఎండలు మండిపోతున్నప్పుడే చిగురిస్తాయి, వాటికి సూచన పగటి పొడవు.

ఈ తొందరలో లాభముంది. తొలకరి పడే సరికి ఆకు ముదిరి, వంటకు సిద్ధంగా ఉంటుంది. పురుగుల సంత మొదలయ్యేది వానలతో, అప్పటికి లేత ఆకు వయసు దాటిపోతుంది. ఇక పూల సంగతి. ఆకులు అడ్డం లేకపోతే పువ్వు అర కిలోమీటరు దూరం నుంచి కనిపిస్తుంది. ఫిబ్రవరిలో పూస్తే మే, జూన్ కల్లా గింజ తయారవుతుంది. బూరుగు కాయ పగిలి దూది ఎగిరేది సరిగ్గా వేసవి ఈదురుగాలుల్లోనే. ఆ గింజ నేల మీద పడి నెల తిరక్కుండానే వాన వస్తుంది.

రాలిన మోదుగు పువ్వొకటి అరచేతిలో పెట్టుకుని చూడండి. తొడిమ దగ్గర ముదురు గోధుమరంగు మఖమలు గిన్నె, దాన్లోంచి వంకర తిరిగిన నారింజ ఎరుపు రేకు. ఆ రేకును వేలితో మెల్లగా వంచితే లోపల దాక్కున్న కేసరాలు బయటపడతాయి, వేలికి పసుపు పుప్పొడి అంటుతుంది. వాసన చూస్తే ఏమీ ఉండదు. ఈ రెండు గుర్తులూ, అంటే ఎర్ర రంగూ వాసన లేకపోవడమూ, ఆ పువ్వు ఎవరి కోసం పూసిందో చెబుతున్నాయి. తేనెటీగ కంటికి ఎరుపు సరిగా ఆనదు, దానికి అతినీలలోహితం కనిపిస్తుంది. పిట్టల కంటికి ఎరుపు బాగా ఆనుతుంది, వాసనతో పువ్వును వెతికే అలవాటు వాటికి లేదు. మోదుగు మీద మైనాలు, కాకులు, చిలకలు ఎన్నో వాలతాయి. కానీ మన దేశపు శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, వచ్చిన ఏడు రకాల పిట్టల్లో సక్రమంగా పరాగసంపర్కం చేసేది ఒక్కటే: నల్లగా, ఊదారంగు మెరుపుతో ఉండే తేనెపిట్ట. ఉడుత కూడా కొంత సాయం చేస్తుందట. మిగతావి విందుకు వచ్చి చదివింపులు ఇవ్వకుండా వెళ్ళే చుట్టాలు.

కొండగోగు దగ్గర వేరే కథ. బండల మధ్య, మనిషి నిలబడలేని చోట పెరిగే చెట్టు ఇది. పసుపు పూలు అరచేతి వెడల్పు ఉంటాయి. వాటిలో తేనె ఉండదు, ఉన్నదంతా పుప్పొడే. ఆ పుప్పొడి కూడా బయటికి కనపడదు. కేసరం కొనన ఉండే సన్నటి రంధ్రం లోపల బందీగా ఉంటుంది. దాన్ని రాబట్టడం నల్లటి పెద్ద తుమ్మెదకు తెలుసు. పువ్వును కాళ్ళతో గట్టిగా పట్టుకుని, రెక్కలు ఆడించకుండా రెక్కల కండరాల్ని మాత్రం కంపింపజేస్తుంది. ఆ అదురుకు పుప్పొడి రంధ్రంలోంచి చిమ్ముతుంది. ఎగురుతున్నప్పటి ఝుంకారానికీ పువ్వు మీద వాలాక వచ్చే చప్పుడుకీ స్వరంలో తేడా ఉంటుంది. ఒకసారి వినిపించి వదిలేస్తే, పిల్లలు ఆ తర్వాత కళ్ళు మూసుకుని కూడా చెప్పేస్తారు, తుమ్మెద గాల్లో ఉందో పువ్వు మీద ఉందో.

ఇంతదాకా చెప్పినదాన్ని బట్టి వసంతమంతా పగటి పొడవు చేతిలోనే ఉందనుకుంటే, మామిడి తోటలోకి అడుగుపెట్టగానే ఆ మాట దిద్దుకోవాలి. మామిడి పూతకు కావలసింది పొడవెక్కే పగలు కాదు, చల్లటి రాత్రులు. డిసెంబరు, జనవరిల్లో రాత్రి చలి నిలకడగా ఉంటే ముదిరిన కొమ్మ చివరి మొగ్గ పూతగా మారుతుంది. చలి పట్టకపోతే అదే మొగ్గ ఆకుగా విచ్చుకుంటుంది. నూజివీడు రైతుకూ జగిత్యాల రైతుకూ ఇది ఏ ప్రయోగశాలా చెప్పనక్కర్లేదు. చలి సరిగా లేని ఏడు పూత విడతలు విడతలుగా వస్తుందని, కొన్ని కొమ్మలకు అసలు రాదని వాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. ఒక పూతగుత్తిని భూతద్దం కింద పెడితే ఇంకో సంగతి కనిపిస్తుంది. వందల పూలున్నా వాటిలో చాలా మటుకు మగపూలు, కొన్ని మాత్రమే అండాశయం ఉన్నవి. ఒక్కో పువ్వులో అయిదు కేసరాలు ఉండాల్సింది, సాధారణంగా ఒక్కటే పనికొచ్చేది, మిగతావి గిడసబారిపోయి ఉంటాయి. ఇక ఆ పూల మీద వాలేవాటిలో ఎక్కువ భాగం ఈగలే. పండ్ల రాజుకు పెళ్ళి చేసే పురోహితుడు ఈగ అని చెబితే పిల్లలు ముఖం చిట్లిస్తారు, కానీ మర్చిపోరు.

కోకిల మామిడి చిగురు తిని గొంతు సవరించుకుంటుందని మనవాళ్ళు అనుకుంటూ వచ్చారు. నిజానికి అది తినేది రావి, మర్రి, వేప, నేరేడు పళ్ళు, నడుమ నడుమ గొంగళి పురుగులు. చలికాలంలో కూడా అది మన వీధిలోనే ఉంటుంది, నోరు విప్పదు, అంతే. దాని నోరు విప్పించేది పొడవెక్కే పగలు. పిట్టల పుర్రె పలచన. వెలుతురు దాన్ని దాటి మెదడు లోతుల్లోకి వెళ్ళి అక్కడి గ్రాహకాలకు తగులుతుంది. పగలు పొడవెక్కిన సమాచారం చాలా జాతుల పిట్టలకు కళ్ళతోనే కాకుండా ఇలా కూడా అందుతుంది. హార్మోన్లు పెరుగుతాయి, మగపిట్ట పాటెత్తుకుంటుంది. కుహూ అనేది ఎర్ర కళ్ళ నల్లటి మగది. ఆడది గోధుమరంగు ఒంటి మీద తెల్ల చుక్కలతో ఆకుల మాటున కూర్చుని కిక్ కిక్ మంటుంది. కోకిల కాలం కాకి కాలంతో ముడిపడి ఉంటుంది, ఎందుకంటే గుడ్డు పెట్టాల్సింది ఎక్కువగా కాకి గూట్లోనే. కోకిల గుడ్డు కాకి గుడ్డు కంటే ముందే పిల్లవుతుంది, ముందు పుట్టినందుకు మేత ముందు దొరుకుతుంది. యూరపు కోకిల పిల్ల పక్క గుడ్లను గూట్లోంచి తోసేస్తుంది. మన కోకిల పిల్ల సాధారణంగా అంత పని చేయదు, కాకి పిల్లల పక్కనే పెరుగుతుంది. మార్చిలో కాకులు కోకిలను తరుముతూ కనిపిస్తే ఆ తగాదా దేనికో ఇప్పుడు తెలుస్తుంది.

రావి చిగురు గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. మార్చిలో రావి, మామిడి కొత్త ఆకులు రాగిరంగులో వేలాడుతుంటాయి. ఆ రంగు ఆంథోసయనిన్‌ది, పత్రహరితం ఇంకా పట్టలేదు. లేత ఆకును మండుటెండ నుంచి కాపాడే గొడుగు అది అని కొందరు శాస్త్రవేత్తలు, పోషకాలు ఇంకా నిండని ఆకును తిన్నా పురుగుకు పెద్దగా ఒరిగేదేమీ ఉండదు కాబట్టి చెట్టు పత్రహరితం నింపడం వాయిదా వేస్తుందని మరికొందరు వాదిస్తారు. రెండూ కొంత కొంత నిజమే కావచ్చని నాకనిపిస్తుంది. చెట్టు ఒక పనికి ఒకే కారణం పెట్టుకోవాలని నియమమేమీ లేదు.

ఇక నడిచే మనుషుల సంగతి. ఇలాంటి కార్యక్రమాల ప్రకటనల్లో అన్ని వయసుల వారికీ అని రాస్తారు. మర్యాద కోసం రాసిన మాటే అయినా దానికి శరీరశాస్త్రం మద్దతు ఉంది. వయసు పెరిగే కొద్దీ చెవి ముందుగా కోల్పోయేది ఎక్కువ పౌనఃపున్యం ఉన్న సన్నటి శబ్దాలను. అరవై దాటిన చాలామందికి ఎనిమిది కిలోహెర్ట్జ్ పైన వినికిడి బాగా తగ్గిపోతుంది. అందుకని కొమ్మల్లో తేనెపిట్టలు చివ్వు చివ్వుమంటుంటే పదేళ్ళ పిల్లవాడు తల తిప్పి చూస్తాడు, పక్కనున్న తాతగారికి అక్కడేదో ఉందనే తెలియదు. కోకిల గొంతు, కంసాలి పిట్ట టుక్ టుక్ అనే సుత్తి దెబ్బలు కిలోహెర్ట్జ్‌కు అటూ ఇటూగా ఉండే కింది స్వరాలు, వాటిని ఆయన బాగానే వింటారు. ఒక్కరే నడిస్తే వినగలిగింది సగమే. ఇద్దరూ కలిసి నడిచినప్పుడే ఆ ఉదయం పూర్తిగా వినిపిస్తుంది.

కంటిచూపు కూడా అంతే. పిల్లల కన్ను నేలకు దగ్గర. రాతి పక్కన మెత్తటి ధూళిలో బొటనవేలంత గరాటు ఆకారపు గుంటల్ని మొదట కనిపెట్టేది ఎప్పుడూ వాళ్ళే. గుంట అడుగున దుమ్ములో కూరుకుని ఒక పురుగు లార్వా కాచుకుని ఉంటుంది. గుంట వాలు ఎంత ఉండాలో అంతే ఉంటుంది. పొడి ఇసుక జారకుండా నిలబడగల ఆఖరి కోణం అది. చీమ అంచు మీద కాలు పెట్టగానే వాలు కూలుతుంది, చీమ పైకి పాకబోతే లార్వా తలతో ఇసుక ఎగజిమ్మి మళ్ళీ కిందికి జార్చుతుంది. ఒక గడ్డిపరకతో అంచు మీద మెల్లగా గీరితే ఈ నాటకం మొదటి అంకం చూడొచ్చు. పదిమంది పిల్లలు ఆ గుంట చుట్టూ గొంతుక్కూర్చుంటే నడక పావుగంట ఆగిపోతుంది. ఆగిపోనివ్వాలి.

పెద్దవాళ్ళ దగ్గర ఉన్నది వాడుక. మోదుగు కింద నిలబడి గైడ్ పూల గురించి చెబుతుంటే, మనవరాలి వెంట వచ్చిన అవ్వ ఒకామె చెట్టును కాదు, నేల మీది ఎండుటాకును తీసి చూస్తుంది. "విస్తరికి లేతాకు పనికిరాదు బిడ్డా, చిరుగుతది. ముదిరినాకు గావాలె," అంటుంది. ఆ ఒక్క మాటలో ఆకు ఎన్నాళ్ళకు పీచుబడుతుందన్న సంగతి ఉంది. హోలీకి ఈ పూలను ఉడికించి రంగు తీసిన జ్ఞాపకం, ఇప్పపూలు తెల్లవారుజామునే ఎందుకు ఏరాలన్న లెక్క, గింజలూ బెరడూ ఏ నెలలో తీస్తారన్న వివరం, ఇవన్నీ ఏ యాప్‌లోనూ లేవు. కుర్రాళ్ళ చేతిలో ఐనాచురలిస్ట్ ఉంటుంది, మెర్లిన్ ఉంటుంది. పేరు చెప్పడం వరకు అవి బాగా పనిచేస్తాయి.

పిల్లల్ని ఆరుబయటికి తీసుకెళ్ళమనడానికి వైద్యుల దగ్గర గట్టి కారణం ఇంకొకటుంది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో పన్నెండు ప్రాథమిక పాఠశాలలను తీసుకుని, సగం బడుల్లో మొదటి తరగతి పిల్లలకు రోజూ అదనంగా నలభై నిమిషాలు ఆరుబయట గడిపే పీరియడ్ పెట్టారు. మూడేళ్ళ తర్వాత చూస్తే మామూలు బడుల్లో 39.5 శాతం మందికి హ్రస్వదృష్టి వచ్చింది, ఆరుబయట తిప్పిన బడుల్లో 30.4 శాతం మందికి. 2015లో ప్రచురితమైన ఈ ప్రయోగం కళ్ళ డాక్టర్ల ఆలోచననే మార్చింది. దగ్గరి చదువు తగ్గడం కంటే వెలుతురు పెరగడమే ఇక్కడ ముఖ్యమని ఇప్పుడు ఎక్కువమంది భావిస్తున్నారు. గదిలో వెలుతురు కొన్ని వందల లక్స్ ఉంటే, చెట్టు నీడలో కూడా వేలల్లో ఉంటుంది. బలమైన వెలుతురుకు రెటీనాలో డోపమైన్ విడుదలై, కనుగుడ్డు అవసరానికి మించి పొడవెక్కకుండా ఆపుతుందన్నది బలంగా ఉన్న వివరణ. ఆదివారం ఒక్కరోజు నడక దీనికి చాలదు, రోజూ కావాలి. ఆదివారం నడక అలవాటు చేసేది ఆ రోజువారీ మక్కువను.

గైడ్లలో మంచివాళ్ళనూ మామూలువాళ్ళనూ మొదటి పావుగంటలోనే పోల్చుకోవచ్చు. మామూలు గైడ్ పేర్ల జాబితాతో వస్తాడు, గంటన్నరలో నలభై పేర్లు చెప్పి పంపిస్తాడు. ఇంటికెళ్ళే సరికి ఒక్కటీ గుర్తుండదు. మంచి గైడ్ ఆరున్నరకల్లా మొదలుపెడతాడు, ఎందుకంటే గాలి కదలని ఆ చల్లటి వేళలో శబ్దం దూరం పోతుంది, పురుగుల్ని పట్టేంత వెలుతురు ఇంకా రాదు కాబట్టి పిట్టలు పాడుతూనే ఉంటాయి. నాలుగు చెట్ల దగ్గర ఆగుతాడు, ఎక్కువగా ప్రశ్నలే వేస్తాడు. ఫోన్లో కూత వినిపించి పిట్టను పిలవడం మాత్రం ఎవరు చేసినా తప్పే. గూడు కట్టే రోజుల్లో మగపిట్ట దాన్ని తన హద్దులోకి చొరబడిన శత్రువనుకుంటుంది, మేత మాని, గూడు వదిలి ఆ లేని శత్రువు కోసం వెతుకుతుంది. మన ఫోటో కోసం దానికి ఆ తిప్పలు దేనికి? గూళ్ళ ఫోటోలు కూడా అంతే, మనిషి కదలికల్ని బట్టి కాకి గూడెక్కడుందో ఇట్టే కనిపెడుతుంది.

ఇలాంటి నడకలు మనకు కొత్త కాదు. సాలిం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేసింది 1931-32లో. ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ అని పిలిచే సంఘం 1980లో ఆంధ్రప్రదేశ్ పక్షి వీక్షకుల సంఘంగా మొదలైంది, ఎవరైనా రాగలిగేలా పక్షి నడకలు నడుపుతూ వచ్చింది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడి ఉత్తరాల ద్వారా పక్షిశాస్త్రం నేర్పే కోర్సు నడిపింది. హైదరాబాదు నడిబొడ్డున 1998లో జాతీయ పార్కుగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి పార్కుంది. అక్కడ తెల్లారకముందే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గబగబా నడిచేవాళ్ళు వందల్లో ఉంటారు, పక్కనే నెమలి అరుస్తున్నా ఆగరు. వాళ్ళ వ్యాయామాన్ని తప్పుపట్టను, ఒక్క చెవి ఖాళీగా ఉంచుకుంటే బాగుండునని మాత్రం అనిపిస్తుంది.

కోస్తాకు వెళితే వసంతానికి ఇంకో ముఖం. విశాఖ నుంచి శ్రీకాకుళం దాకా, ఇటు కాకినాడ హోప్ ఐలాండ్ వైపు జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక్కో గూట్లో దాదాపు వంద. ఒడిశాలోలాగా ఇక్కడ ఒకేసారి వేలకు వేలు రావు, ఒకటీ అరా వస్తాయి. కుక్కలూ నక్కలూ తవ్వేస్తాయని అటవీ సిబ్బంది, స్వచ్ఛంద కార్యకర్తలు గుడ్లను సేకరించి కంచె వేసిన చోట అదే లోతున మళ్ళీ పూడుస్తారు. ఏడు వారాలు అటూ ఇటూగా పిల్లలు బయటికొస్తాయి. మార్చి, ఏప్రిల్ ఉదయాల్లో వాటిని వదిలేటప్పుడు చూడటానికి ఊరి జనాన్నీ బడి పిల్లల్నీ పిలుస్తారు. చూసేవాళ్ళు తాడు అవతలే నిలబడాలి, పిల్లను ఎత్తి నీళ్ళలో వేయకూడదు, అది తనంతట తానే పాకాలి. వెలుగెక్కువున్న వైపే సముద్రమని దాని ఒంట్లో రాసి ఉంది. ఒడ్డున వీధి దీపాలుంటే అటే పోతుంది, అందుకే ఫ్లాష్ వద్దని అంత గట్టిగా చెబుతారు. వీటిలో ఆడ మగ తేడా పుట్టుకతో వచ్చే క్రోమోజోముల వల్ల రాదు. గుడ్డు పొదిగే కాలంలో నడిమి భాగాన ఇసుక ఎంత వెచ్చగా ఉందో దాన్ని బట్టి తేలుతుంది. సుమారు 29, 30 డిగ్రీల దగ్గర సగం సగం. అంతకంటే వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ, చల్లబడితే మగపిల్లలు ఎక్కువ. అందుకే కంచె మీద కొబ్బరాకు పందిరి వేయాలా వద్దా అన్నది ఇప్పుడు చిన్న నిర్ణయం కాదు.

తాబేలు గుడ్డు, మామిడి మొగ్గ చదివేది వేడిని. మోదుగు, కోకిల ఎక్కువగా చదివేది పగటి పొడవును. ఒకే వసంతంలో ఇన్ని గడియారాలు నడుస్తున్నాయి. పగటి పొడవు వెయ్యేళ్ళ కింద ఎంతో ఈ ఏడూ అంతే. వేడి అలా లేదు. అంటే రెండు రకాల గడియారాలకూ మధ్య అంతరం పెరిగే అవకాశం ఉంది. పిట్ట వచ్చే వేళకు పూత అయిపోవడం, పూత వచ్చే వేళకు ఈగలు లేకపోవడం లాంటివి దీని ఫలితాలు కావచ్చు. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూల తేదీలను తొమ్మిదో శతాబ్దం నుంచి రాజాస్థాన దినచర్యల్లో, పండగ రికార్డుల్లో రాసుకుంటూ వచ్చారు. చెర్రీ వేడిని చదివే చెట్టు. 2021లో అక్కడ పూలు మార్చి 26న నిండుగా విచ్చుకున్నాయి, అప్పటిదాకా పన్నెండు వందల ఏళ్ళ రికార్డులో అంత ముందుగా ఎన్నడూ పూయలేదు. ఆ మాట అనగలిగింది వాళ్ళు రాసిపెట్టుకున్నారు కాబట్టి.

మన దగ్గర ఆ పని సీజన్‌వాచ్ అనే కార్యక్రమం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. కేరళ బడిపిల్లలు దానికి వెన్నెముక. పద్ధతి తేలిక. ఇంటి దగ్గరి చెట్టొకటి ఎంచుకుని వారానికోసారి చూడాలి. చిగురు, ముదురు ఆకు, మొగ్గ, పువ్వు, కాయ, పండు, ఒక్కోటీ లేదా, కొంచెం ఉందా, చాలా ఉందా, అంతే రాయాలి. ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో మన దేశం 2013 నుంచి పాల్గొంటోంది. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి కనిపించిన పిట్టల్ని ఈబర్డ్ వెబ్‌సైట్‌లో నమోదు చేస్తే చాలు. తమిళులు పొంగల్‌కు, అస్సామీలు బిహుకు పిట్టల లెక్క పెట్టుకున్నారు. ఉగాది నాడు వేపపూత కోసం ఎలాగూ ఇంటికొకరు చెట్టెక్కుతారు కదా, ఆ చెట్టు ఏ తేదీన పూతకొచ్చిందో ఊరూరా రాసుకుంటే ఎంత బాగుంటుంది!

వేప విషయంలో ఈ రాతకోతలు అప్పుడే అవసరపడ్డాయి కూడా. 2021 నాటికి తెలంగాణ అంతటా వేప కొమ్మలు చివరి నుంచి ఎండుతూ రావడం జనం గమనించారు. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం, లేత కొమ్మల రసం పీల్చే తేయాకు దోమ కలిసి చేసిన పని అది అని వ్యవసాయ శాస్త్రవేత్తలు తేల్చారు. చాలా చెట్లు తర్వాత మళ్ళీ చిగురించాయి. ఏ చెట్టు ఎంత దెబ్బతిందో, పూత ఎన్ని వారాలు వెనకపడిందో లెక్కగట్టాలంటే మాత్రం జబ్బుకు ముందటి ఏడు అదే చెట్టు ఎప్పుడు పూసిందో కాగితం మీద ఉండాలి. ఆసక్తి ఉన్నవాళ్ళు మార్చి మొదటి వారం నుంచే వేప మీద కన్నేసి ఉంచవచ్చు. పాత ఆకు రాలడం, ఎర్రటి చిగురు రావడం, ఆ వెంటనే తెల్లటి పూత, మూడూ కొన్ని వారాల్లోనే ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి. పూత గాలిలో బాగా తెలిసేది సాయంత్రం పూట.